పాత పొగగూట్లో బీడు పొయ్యి కూర్చోబెట్టాలి: పైపు ఎట్లా, జాయింట్లు దేనితో?

పెరటిమిద్దె

చంద్రగిరి పక్క పల్లెలో పాత మద్రాసు మిద్దె (దంతెలనే సన్న కొయ్య దూలాల మీద ఇటుకలు పరిచిన కప్పు). వంటింటి మూలన కట్టెల పొయ్యి గద్దె, దాని మీద ఇటుకల పొగగూడు ఉన్నాయి. గద్దె తీసేసి అదే చోట రెండు గిన్నెలు పట్టే బీడు (పోత ఇనుము) పొయ్యి పెట్టాలని కొన్నాం. రోజూ నీళ్ళు కాచడానికి, పండగలకు పెద్ద గిన్నెల వంటకు.

కొలతలు ఇవి. మూల వెడల్పు 34 అంగుళాలు, లోతు 24. పొయ్యి పైపలక 24 × 16 అంగుళాలు, కాళ్ళతో ఎత్తు 22, బరువు 85 కిలోలు. పొగ బయటికొచ్చే మూతి వెనకవైపు పైన ఉంది, 6 అంగుళాల గుండ్రం. గూడు లోపల 14 × 14 అంగుళాలు. వంటింటి నేల నుంచి గూడు కొసకి 17 అడుగులు, మిద్దె తలం 11 అడుగుల దగ్గర.

మేస్త్రీ ఏమంటాడంటే, మూతికి రెండడుగుల ఆస్బెస్టాస్ సిమెంటు పైపు ముక్క తగిలించి గూట్లోకి వదిలేసి, పొయ్యి చుట్టూ పైపలక దాకా ఇటుక కట్టి సిమెంటు పూత పూస్తాడట. వెల్డింగు షాపాయన జీఐ పైపు చాలంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి? దసరాలోపు పని అయిపోవాలి, ఆ తర్వాత వానలు పట్టుకుంటాయి.

నిప్పుగూడు

ఇద్దరి మాటా వినొద్దు. పొయ్యి మీరు కొనేశారు, కానీ పని జరిగేది పొగ దారిలో. ముందు ఆ సంగతి తేల్చుకోండి.

ఆస్బెస్టాస్ సిమెంటు పైపు వాననీళ్ళకు పనికొస్తుంది, పొయ్యి మూతికి పనికిరాదు. వేడికి సిమెంటులోని నీరు పోయి పైపు చిట్లుతుంది, ఒక్కోసారి ఫట్‌మని పగులుతుంది. కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే జన్మకు వదలదు. జీఐ పైపు మీద ఉండేది జింకు పూత. జింకు 419 డిగ్రీలకే కరుగుతుంది. మంట బాగా లేచినప్పుడు మూతి దగ్గర వేడి దానికి దగ్గరగా వెళుతుంది, అంతకు బాగా మించితే పూత కాలి వచ్చే తెల్లపొగ పీల్చకూడనిది. పూత పోయాక రేకు తొందరగా తుప్పుపట్టి జల్లెడవుతుంది.

ఇక అసలు తప్పు రెండడుగుల ముక్క పెట్టి గూట్లోకి వదిలేయడం. లెక్క చూడండి. 6 అంగుళాల గుండ్రం పైపు నోరు 28 చదరపు అంగుళాలు. మీ గూడు నోరు 14 × 14, అంటే 196. పైపులోంచి వచ్చిన పొగకి ఒక్కసారిగా ఏడింతల చోటు దొరుకుతుంది, అంటే వేగం ఏడో వంతుకి పడిపోతుంది. మెల్లగా పోయే పొగ చల్లబడుతుంది. 120 డిగ్రీల కిందికి చల్లబడిందంటే అందులోని తారు గూడు గోడలకి అంటుకుంటుంది. నల్లగా మెరిసే ఆ తారు పేరుకున్నాక ఒకరోజు నిప్పురవ్వ పైకెళితే గూడంతా అంటుకుంటుంది. ఆ మంట వెయ్యి డిగ్రీలు దాటుతుంది. పాత సున్నం జాయింట్లున్న గూడు, పక్కనే కొయ్య దంతెలున్న మిద్దె దానికి తట్టుకోవు.

కాబట్టి పొయ్యి మూతి నుంచి గూడు కొస దాటేదాకా ఒకటే పైపు, ఒకటే కొలత, 6 అంగుళాలు. ఎక్కడా 5కి తగ్గించొద్దు, 8కి పెంచొద్దు. ఎస్ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) రేకు, 1 మిల్లీమీటరు మందం. హోటళ్ళ వంటిళ్ళకు డక్టులు చేసే షాపుల్లో 4 అడుగుల ముక్కలుగా చుట్టి ఇస్తారు. పొయ్యిని 8 అంగుళాల దిమ్మె మీద పెడితే మూతి రెండున్నర అడుగుల ఎత్తుకొస్తుంది, అక్కణ్ణించి గూడు కొస దాటి ఒక అడుగు అంటే పదిహేనున్నర అడుగులు. నాలుగు ముక్కలు సరిపోతాయి.

ముక్కలు కలిపేటప్పుడు పై ముక్క సన్న మూతి కింది ముక్క లోపలికి దిగాలి. మేస్త్రీలు వాననీళ్ళ పైపుల అలవాటు కొద్దీ బయట నీళ్ళు కారకుండా తిరగేసి బిగిస్తారు. తిరగేస్తే లోపల కారే తారునీళ్ళు ప్రతి జాయింటు దగ్గరా బయటికి కక్కుతాయి. జాయింటుకి మూడు ఎస్ఎస్ రివెట్లు వేయించండి. వంపు పెట్టాల్సి వస్తే 45 డిగ్రీలవి రెండు వాడండి, 90 డిగ్రీల మోచేయి వద్దు. అక్కడే మసి పేరుకుంటుంది, బ్రష్షు కూడా తిరగదు.

పైపు బరువు సుమారు 18 కిలోలు. అది పొయ్యి మూతి మీద ఆనకూడదు. గూడు మొదట్లో రెండు యాంగిల్ ముక్కలు గోడకి బిగించి, పైపుకి కాలరు వేసి వాటి మీద కూర్చోబెట్టాలి. పై కొసను మాత్రం బిగించొద్దు. ఆ పొడవు స్టీలు 200 డిగ్రీలు వేడెక్కితే అంగుళంలో సగం పైగా, 16 మిల్లీమీటర్లు, సాగుతుంది. రెండు కొసలూ బిగిస్తే ఆ సాగుడంతా పోయి పొయ్యి మూతిని నొక్కుతుంది. బీడు వంగదు, చిట్లుతుంది.

రాతిఅరుగు

చిన్న సందేహం. ఇన్నేళ్ళుగా అదే 14 అంగుళాల గూడు కట్టెల పొయ్యి పొగను బాగానే లాగింది కదా. మా వైపు పల్లెల్లో అట్లాంటివి ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు పైపు ఖర్చు ఎందుకు?

నిప్పుగూడు

మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత పొయ్యి తెరిచి ఉండేది. మంటతో పాటు వంటింటి గాలి కూడా కుప్పగా ఆ గూట్లోకి పోయేది. అంత గాలి పోవడానికి 14 అంగుళాలు కావాలి. బీడు పొయ్యికి తలుపుంది, గాలిని ఎక్కువ తక్కువ చేసే గాలి బిళ్ళ ఉంది. బయటికొచ్చే పొగ చాలా తక్కువ, అది పెద్ద గూడును వేడెక్కించలేదు. గూడు వేడెక్కకపోతే లాగుడు ఉండదు. పాత గూడు చెడ్డది కాదు అన్నా, అది వేరే పొయ్యికి కట్టింది.

ఇంకోటి మరిచిపోయాను. పైపు దింపాక గూడు అడుగున నోరు మూయాలి. 2 మిల్లీమీటర్ల ఇనుప రేకు, రెండు సగాలుగా కోసి పైపు చుట్టూ కలిసేలా పెట్టాలి, అంచుల్లో వేడికి తట్టుకునే సిరామిక్ తాడు. మూయకపోతే వంటింట్లోని గాలి పైపు పక్కసందులోంచి పైకి పోయి పైపును చల్లబరుస్తుంది, వానొస్తే పాత మసి అంతా పొయ్యి మీద పడుతుంది. ఆ రేకులో ఒక మూలన చిన్న తలుపు పెట్టించండి, చెయ్యి పెట్టి చూసుకోవడానికి.

కుంపటి

పెరటిమిద్దె అక్కా, పొయ్యి కూర్చోబెట్టే పని నేను చెప్తాను. మేస్త్రీ అన్నట్టు చుట్టూ ఇటుక కట్టించొద్దు. బీడు పలక మీటరుకి, డిగ్రీకి 11 మైక్రాన్లు సాగుతుంది. మీ 24 అంగుళాల పలక 400 డిగ్రీలకి పోతే దాదాపు 3 మిల్లీమీటర్లు. చుట్టూ సిమెంటు బిగించి ఉంటే ఆ 3 మిల్లీమీటర్లకి చోటు లేదు. మొదటి నెలలోనే మూలన సన్నగా గీత మాదిరి పగులు కనిపిస్తుంది. బీడును మామూలు రాడ్డుతో వెల్డింగు చేస్తే పక్కనే మళ్ళీ పగులుతుంది. నికెల్ రాడ్డు కావాలి, ముందు పొయ్యిని మెల్లగా వేడి చేయాలి, మెల్లగా చల్లారనివ్వాలి. అది చేసేవాళ్ళు తక్కువ.

మీ మూల వెడల్పు 34, పొయ్యి 24. రెండు పక్కలా 5 అంగుళాలు వదలండి. వెనక 8 అంగుళాలు మిగులుతుంది, 45 డిగ్రీల వంపులకి అది సరిపోతుంది. ఈ సందులు గాలి తిరగడానికి, చెయ్యి పెట్టి ఊడ్చుకోవడానికి. అందం కోసం మూయాలనిపిస్తే ముందువైపు మాత్రం ఒక వరస ఇటుక పేర్చి, పలకకీ ఇటుకకీ మధ్య 5 మిల్లీమీటర్లు వదిలి సిరామిక్ తాడు దూర్చండి.

దిమ్మె మామూలు ఇటుకతో, మట్టితో కట్టొచ్చు. పై వరస మాత్రం ఫైర్ బ్రిక్, అంటే నిప్పు వేడికి తట్టుకునే ఇటుక. 9 × 4½ × 3 అంగుళాలది, ఐఎస్ 6 రకం (భారత ప్రమాణం నంబరు) చాలు, ఐఎస్ 8 ఇంకా ఎక్కువ వేడికి, మీకు అక్కరలేదు. మూలంతా పరచడానికి 20, ముందువైపు నేల మీద ఒక అడుగు వెడల్పున పరచడానికి 10, విరుగుడుకి నాలుగు. ముందు పరుపు మానొద్దు. తలుపు తీసినప్పుడు నిప్పు దొర్లేది అక్కడికే. కడపరాయి నేల మీద నిప్పు పడితే పొరలు లేస్తాయి. పొయ్యి లోపల ఇటుక పరుపు లేకుండా వచ్చి ఉంటే పక్కలకి సగం మందం బిళ్ళలు, ఒకటిన్నర అంగుళాలవి, 10 లేదా 12 పడతాయి. అవి లేకుండా మండిస్తే పక్కపలకలు ఎర్రబడి వంకరపోతాయి.

జాయింట్లకు మామూలు సిమెంటు వాడొద్దు. 450 డిగ్రీల దగ్గర సిమెంటులోని సున్నం విడిపోతుంది, 573 డిగ్రీల దగ్గర ఇసుక రేణువు ఒక్కసారి ఉబ్బుతుంది. రెండు నెలలకి పొడి రాలుతుంది. ఫైర్ క్లే అని అడిగితే షాపులో ఇచ్చే పొడి కూడా చాలాసార్లు తప్పు రకమే. అది వెయ్యి డిగ్రీల బట్టీలో కాలితేనే గట్టిపడేది. మీ పొయ్యి అడుగు అంత వేడికి పోదు, ఆ పొడి ఎప్పటికీ మట్టిలాగే ఉండిపోతుంది. గాలికి ఆరి గట్టిపడే రకం, ఎయిర్ సెట్టింగ్ మోర్టార్ అని అడగండి. దాంట్లో సోడియం సిలికేట్ ఉంటుంది. దోసెపిండి మాదిరి జారుగా కలుపుకుని, ఇటుకను తడిపి, ముంచి పెట్టాలి. జాయింటు 2 మిల్లీమీటర్లు దాటకూడదు. మేస్త్రీకి అర అంగుళం జాయింటు అలవాటు, దగ్గరుండి చూడండి.

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నాయి కదా. వాటి బాయిలర్లకు ఇటుక పని చేసే మేస్త్రీలు ఈ పని బాగా ఎరుగుదురు. ఇళ్ళు కట్టే మేస్త్రీ కంటే వాళ్ళను అడగడం మేలు. ఒక్కరోజు పని.

కూర్చోబెట్టాక మట్టం చూసుకోండి. పలక ఒక పక్కకి వాలితే నూనె, నీళ్ళు అటే కారతాయి, తలుపు కూడా సరిగా పడదు. ఎత్తేటప్పుడు పైపలక, తలుపు, లోపలి జల్లెడ ఊడదీసి విడిగా మోయించండి. పలక ఒక్కటే 18 కిలోలు ఉంటుంది. బీడు జారిపడితే ముక్కలే.

సవుకతోట

పై ఇద్దరూ పైపు వేడి పోకుండా చుట్టూ ఏం పెట్టాలో చెప్పలేదు. గూట్లో పైపు చుట్టూ 4 అంగుళాల సందు ఉంటుంది. దాన్ని వర్మిక్యులైట్‌తో నింపొచ్చు, మిద్దెతోటల వాళ్ళు మట్టిలో కలిపే తేలిక ఖనిజపు రేణువులే. మీ గూటికి 380 లీటర్ల దాకా పడుతుంది. దానికంటే సిరామిక్ ఫైబర్ దుప్పటి తేలిక. ఒక అంగుళం మందం, 2 అడుగుల వెడల్పు, 24 అడుగుల రోల్ వస్తుంది. ఆ వెడల్పు 6 అంగుళాల పైపు చుట్టూ సరిగ్గా ఒక చుట్టు వస్తుంది, కాబట్టి ఒక్క రోలుతో మీ పైపంతా అయిపోతుంది. ఎస్ఎస్ తీగతోనే కట్టండి, బైండింగు వైరు తుప్పుపట్టి తెగిపోతుంది. చుట్టేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, పూర్తి చేతుల చొక్కా తప్పనిసరి. చుట్టిన పైపు వెచ్చగా ఉంటుంది, లాగుడు పెరుగుతుంది, తారు తగ్గుతుంది. పైన టోపీ మాత్రం అడ్డంగా కురిసే వానకి కూడా ఆగేలా పెట్టించండి. ఇక్కడ కార్తీకమాసంలో గాలితో కలిసి వచ్చే వాన నిలువుగా పడదు.

పైపు నిలబెట్టాక, మంట పెట్టకముందే సాంబ్రాణి పరీక్ష చేయండి. మట్టి ధూపకుండలో నిప్పు వేసి గుప్పెడు సాంబ్రాణి చల్లి పొయ్యిలో పెట్టి, తలుపు మూసి, పైన టోపీకి తడిగుడ్డ చుట్టండి. పొగ పొయ్యిలో నిండుతుంది. ఏ జాయింటులో దారి ఉందో అక్కడ కమ్మగా బయటికొస్తుంది. టార్చి వేసి చూస్తే గీత మాదిరి కనిపిస్తుంది. అక్కడ మోర్టార్ పూసి మళ్ళీ చూడండి. పరీక్ష అయ్యాక గుడ్డ తీయడం మరిచిపోకండి.

మోర్టార్ వారం ఆరాక తొలి మంట. మొదటి రోజు గుప్పెడు పుల్లలు, అరగంట. మర్నాడు కొంచెం ఎక్కువ, గంట. మూడోరోజు సగం మంట. ఈ మూడు రోజులూ కిటికీలన్నీ తీసే ఉంచాలి, బీడు మీద రంగు కాలి వాసన వస్తుంది. ఒకేసారి పెద్ద మంట పెడితే జాయింట్లలోని తడి ఆవిరై ఇటుక బిళ్ళల్ని నెడుతుంది.

పొగ వెనక్కి తంతే చూడాల్సినవి ఇవి, ఈ వరసలోనే. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోందా? తిరుగుతుంటే అదే పొగను లాగేస్తోంది, ఆపండి, పొయ్యి పక్క కిటికీ తీయండి. పొద్దున్నే పైపు చల్లగా ఉందా? ఒక పేపరు మడిచి కాల్చి పైపు మూతి దగ్గర పట్టండి, చల్లగాలి కదిలి పైకి తిరుగుతుంది. కట్టె పచ్చిగా ఉందా? పచ్చి కట్టెలో సగం బరువు నీళ్ళే. 20 శాతం లోపు తడి ఉండాలి. మామిడి కొమ్మలు కోశాక చీల్చి, నీడన గాలి తగిలేలా ఒక ఎండాకాలం గడిచేదాకా ఉంచాలి. సవుక, సీమతుమ్మ గట్టి కట్టెలు, నిప్పు నిలుస్తుంది. కొబ్బరి చిప్పలు రాజేయడానికి మాత్రమే, నిండా వేస్తే పలక ఎర్రబడుతుంది.

రాత్రిళ్ళు నిప్పు ఉండగానే గాలి బిళ్ళ పూర్తిగా మూసేయొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే తీసుకుపోతుంది. పొయ్యికి ఒకటి నుంచి మూడు మీటర్ల దూరంలో దాని అలారం ఒకటి పెట్టండి. దీంట్లో ఖర్చు చూడొద్దు.

కుంపటి

గంజి సంగతి కూడా చెప్పాలి. కాలుతున్న పలక మీద అన్నం గంజి పొంగితే, దాన్ని కడగడానికి చెంబుడు నీళ్ళు పోస్తే అదే క్షణం బీడు చిట్లొచ్చు. చల్లారాక పొడిగుడ్డతో తుడిచి, చుక్క వేరుశెనగ నూనె సన్నగా రుద్దండి. వానాకాలం వాడకపోయినా పదిహేను రోజులకోసారి రుద్దాలి. బూడిద మొత్తం ఊడ్చేయకుండా అడుగున ఒక అంగుళం వదలండి, నిప్పు దానిమీద బాగా నిలుస్తుంది. తీసిన బూడిద మూతున్న ఇనుప బకెట్లోనే. రెండోరోజు కూడా లోపల నిప్పు బతికే ఉంటుంది, ప్లాస్టిక్ బకెట్టు, చెత్తకుప్ప వద్దు.

పెరటిమిద్దె

అందరికీ చాలా థాంక్స్. మేస్త్రీకి చెప్పి సిమెంటు పని ఆపించాను. ఇంకో రెండు సంగతులు. గూడు పక్కన సున్నం గీకి చూస్తే ఒక దంతె కొస గూడు గోడలోకి దూరి ఉంది. దానికీ గూడు లోపలికీ మధ్య సగం ఇటుకే, నాలుగున్నర అంగుళాలు. రెండోది, మిద్దె మీద గూటికి 7 అడుగుల దూరంలో మెట్ల గది ఉంది, మిద్దె తలం నుంచి 8 అడుగుల ఎత్తు. గూడు మిద్దె మీద 6 అడుగులే ఉంది. పర్వాలేదా?

నిప్పుగూడు

రెండూ పట్టించుకోవాల్సినవే అక్కా. దంతె సంగతి ముందు.

ఏళ్ళ తరబడి వేడి తగిలిన కొయ్య లోపల బొగ్గు మాదిరి మారుతూ వస్తుంది, మామూలు కొయ్య కంటే చాలా తక్కువ వేడికి అంటుకుంటుంది. పైపుకి దుప్పటి చుట్టాం కదా అని వదిలేయొద్దు. గూడు ఇటుక బయటి అంచుకీ కొయ్యకీ మధ్య కనీసం 2 అంగుళాల ఖాళీ ఉండాలి. దంతెను వెనక్కి కోసి, పక్క దంతెల మధ్య అడ్డంగా ఒక దూలపు ముక్క వేసి దానికి ఆనించాలి. ఇది వడ్రంగి పని, మేస్త్రీ పని కాదు. మద్రాసు మిద్దెలో పై ఇటుకలన్నీ దంతెల మీదే నిలిచి ఉంటాయి, కాబట్టి రంపం పెట్టకముందే కిందనుంచి రెండు పక్కలా జాకీలు, అడ్డపలక పెట్టి బరువు ఎత్తిపట్టాలి. కోసిన కొసకీ గూటికీ మధ్య మిగిలిన సందును కొయ్యతో, రంపపు పొట్టుతో, థర్మోకోల్‌తో నింపొద్దు. ఖాళీగా వదిలి అడుగున ఇనుపరేకు కొట్టండి. గూడు నాలుగు పక్కలా గీకి చూడండి, దంతె ఒకటే అని అనుకోవద్దు.

మెట్ల గది లెక్క. పైపు కొస, 10 అడుగుల లోపల ఉన్న ఏ కట్టడం కంటే అయినా 2 అడుగులు ఎత్తుండాలి. మెట్ల గది 8, దానికి 2 కలిపితే మిద్దె మీద 10 అడుగులు. గూడు 6 ఉంది, కాబట్టి కొస దాటి 4 అడుగుల పైపు కావాలి, నేను ముందు చెప్పిన ఒక్క అడుగు సరిపోదు. గాలి మెట్ల గది మీంచి దూకి కిందికి సుడి తిరిగేది సరిగ్గా అక్కడే, పొట్టి పైపు ఉంటే పొగ వంటింట్లోకి తిరిగొస్తుంది.

పైపు మొత్తం పద్దెనిమిదిన్నర అడుగులు అవుతుంది, నాలుగు బదులు ఐదు ముక్కలు చేయించండి. అతుకుల్లో ఒక్కోచోట రెండేసి అంగుళాలు పోయినా సరిపోతుంది. బరువు 22 కిలోల చిల్లర, కింది యాంగిళ్ళు దానికి తగ్గట్టు 40 మిల్లీమీటర్లవి పెట్టించండి. సాగుడు 20 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, గూడు కొస దగ్గర పైపు జారే కాలరే ఉండాలి, దానిమీద వాననీళ్ళు దిగకుండా పైపుకి గొడుగు మాదిరి రేకు. బయట నిలిచిన 4 అడుగులకీ దుప్పటి చుట్టి పైన ఇంకో రేకు తొడగాలి, లేకపోతే వానకి దుప్పటి నాని పనికిరాకుండా పోతుంది, చలిగాలికి తారు అక్కడే దిగుతుంది. కొస నుంచి ఒక అడుగు కింద కట్టు వేసి మూడు వైపులా ఎస్ఎస్ తీగలు లాగి పిట్టగోడకి కట్టండి. మరీ బిర్రుగా లాగొద్దు, సాగుడుకి చోటుండాలి.

దసరాలోపు కావాలంటే వడ్రంగిని ఈ వారమే పిలవండి. దంతె పని అయ్యేదాకా పైపు ఆర్డరు ఇవ్వొద్దు, గూడు లోపల ఏమైనా బయటపడితే కొలత మారొచ్చు.

సవుకతోట

ఆ 4 అడుగులు బయట ఉంటాయి కాబట్టి తొలి ఏడాది నెలకోసారి కింది రేకు తలుపు తీసి టార్చి వేసి చూడండి. పైపు బయట మసి ధార కనిపిస్తే పైన ఏదో జాయింటు తిరగేసి ఉన్నట్టు. 6 అంగుళాల బ్రష్షు, కలిపి పొడిగించే కడ్డీలతో పొయ్యి మూతి నుంచే పైకి తోయొచ్చు, మిద్దె ఎక్కక్కరలేదు. తోసినప్పుడు పొడి మసి రాలితే కట్టె, మంట సరిగ్గా ఉన్నాయి. నల్లగా మెరిసే పెచ్చులు రాలితే కట్టె పచ్చిది, లేదా గాలి బిళ్ళ మరీ మూసి మండిస్తున్నారు. మసి మూడు మిల్లీమీటర్ల మందం చేరకముందే తోసేయండి.